వయసు సున్నా

అత్తయ్యగారికి,

పైన మీరున్న పిల్లల వార్డులోకి ఫోన్లు రానివ్వడం లేదు. మగవాళ్లని మెట్ల దగ్గరే ఆపేస్తున్నారు. అందుకే ఈ కాగితం ఆయా చేత పంపుతున్నాను. పాపకి ఇంకా ఆసుపత్రి నంబరు రాలేదు. అది లేనిదే ఇంజక్షన్ ఇవ్వరట.

తప్పు నాది. ఇది ఎముకల ఆసుపత్రిగా ఉన్నప్పుడు ఇక్కడి సర్వర్ కోడ్ రాసింది నేనే. నా పనేమిటని మీరడిగితే, తప్పుడు అంకెల్ని గుమ్మంలోనే ఆపడమని గొప్పగా చెప్పాను, గుర్తుందా? వయసు సున్నా కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే పని అక్కడే ఆగిపోవాలని అసర్ట్ అనే ఒక తనిఖీ పెట్టాను. కాలు విరిగి వచ్చేవాళ్లలో అప్పుడే పుట్టినవాళ్లు ఉండరు కదా అనుకున్నాను. ప్రసూతి వార్డు ఈ వారమే తెరిచారు. ఇప్పుడు మన పాప వయసు సున్నా అని కొడితే నంబరు ఇవ్వకుండా ఆగిపోతోంది.

నేను మానేసిన ఆ పాత ఆఫీసుకి ఫోన్ చేస్తే "సోమవారం చూస్తాం" అన్నారు. నా పాస్‌వర్డ్ ఎప్పుడో తీసేశారు.

కౌంటర్లో అమ్మాయి, "వయసు ఒకటి అని కొట్టేస్తానండీ, తీసుకుంటుంది" అంటోంది. వద్దన్నాను. మందు మోతాదు కంప్యూటర్ ఆ వయసుని బట్టే లెక్కగడుతుంది. ఆ లెక్కా నేనే రాశాను; ఒకటి అని కొడితే పసిగుడ్డుకి ఏడాది పిల్లల మోతాదు పడుతుంది. డాక్టరమ్మని అడిగి, నంబరు లేకుండానే మోతాదు చేత్తో రాయించండి.

లైన్లో నా ముందున్నాయన మాత్రం తన బాబుకి ఒకటే వేయించుకున్నాడు. వద్దండీ అంటే, "మీకెలా తెలుసు?" అన్నాడు. అది రాసింది నేనేనని అంతమందిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఈ కాగితం రాయడానికి కూర్చున్నాను.

కంప్యూటర్ మోతాదు వేసిచ్చిన ఆయన చీటీ కూడా ఈ ఆయా చేతిలోనే పైకి వస్తోంది. మన పాప సంగతి తర్వాత, ముందు అది ఆపించండి.

మీ అల్లుడు