పీటల మీద మేమిద్దరం

తెనాలి, కార్తీక మాసం, బుధవారం, 1989

అన్నయ్య భోజనం చెయ్యకుండానే వదినని తీసుకుని రేపల్లె బండెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ.

పొద్దున మా కొత్తింటి అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివింది కూడా అన్నయ్యే. ఏదో దేశంలో ఆడవాళ్ళిద్దరు జంటగా బతకడానికి చట్టం చేశారట. చుట్టాలు తలో మాటా అన్నారు. "రేపు మనూళ్ళోనూ అడుగుతారు, చూస్తా ఉండండి. ఎవడొప్పుకుంటాడు?" అన్నాడు అన్నయ్య. శారదా నేనూ ఆ పక్కనే గుమ్మానికి మామిడాకులు కడుతున్నాం. ఇన్నేళ్ళూ అద్దె ఇళ్ళల్లో కలిసి బతికి, ఇద్దరి జీతాలతో కట్టుకున్న ఇల్లు ఇది.

తర్వాత పంతులుగారు వ్రతానికి దంపతుల్ని పిలిస్తే, నన్ను మాట మాత్రం అడక్కుండా అన్నయ్యా వదినా వెళ్ళి పీటల మీద కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"లే అన్నయ్యా. ఇల్లు మాది, మేం కూర్చుంటాం."

"నువ్వూ, ఆవిడా?"

"అవును, శారదా నేనూ."

"అలా ఎక్కడా లేదమ్మా" అని గొణిగారు పంతులుగారు.

"ఇక్కడుందండి. కానివ్వండి."

ముందు వదినే లేచింది. లేస్తూ తన చేతిలోని అక్షింతలు శారద దోసిట్లో పోసింది. ఆ అక్షింతల మాట రైల్లో అన్నయ్య ఎత్తుతాడేమో, పాపం ఆవిడ...

రేపు శారదని తను పనిచేసే ఆసుపత్రిలో ఎవరేమంటారో. ఇవాళ రాలేకపోయిన అమ్మ చెవిన ఎలా పడుతుందో.

ఎవడొప్పుకుంటాడని అడిగాడుగా. నేను ఒప్పుకోమనలేదు. పీట మీంచి లేవమన్నాను.