మల్లిని వెనక సీటులో కూర్చోబెట్టుకుని వస్తున్నాను

చైతన్యపురి, హైదరాబాద్
ఆదివారం

అక్కకు,

నీ చెల్లెలు పద్మ దణ్ణం పెట్టి రాస్తున్నది. నేనూ మల్లీ ఇక్కడ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు, మీ అత్తగారు అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. బావగారి మోకాలినొప్పి ఎలా ఉంది? కొత్త ఇంటికి రంగులు వేస్తున్నారని ఆయన్ని నిచ్చెన ఎక్కనివ్వకు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటనుకోకు. ఫోనులో మల్లి మాట ఎత్తగానే నువ్వు "ఆ కుక్క సంగతి నాకు చెప్పకు" అంటావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

నా ఉద్యోగం బాగానే సాగుతోంది. పొద్దున్నే కోచింగ్ సెంటర్లో జువాలజీ క్లాసులు, సాయంత్రం మళ్లీ పిల్లల సందేహాలు. వానలు మొదలయ్యాక మా వీధి అంతా బురద. కర్రీ పాయింటు కూరలు తిని తిని నాలుక మొద్దుబారింది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది. అయినా దిగులు పడకు, వండుకుంటూనే ఉన్నాను. క్లాసు అయిపోయి గదికి వస్తే పలకరించే మనిషి ఉండడు. మల్లి మాత్రం మూడు కాళ్లతో గెంతుకుంటూ గుమ్మం దాకా వస్తుంది. అందుకే నీ గృహప్రవేశానికి దాన్ని ఇక్కడ వదిలేసి రమ్మంటే నా మనసు ఒప్పుకోలేదు.

కుక్కల్ని ఉంచుకునే చోట ఒకసారి వదిలి చూశాను కదా. తిరిగి వెళ్లేసరికి పెట్టిన తిండి పెట్టినట్టే ఉంది, అది గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బస్సులో ఎక్కించుకోరు. ఇక మిగిలింది కారు. కారంటే దానికి ప్రాణభయం. మీ తెనాలి నుంచి దాన్ని తెచ్చిన రోజు సంగతి నీకు తెలిసిందే. కిరాయి కారు డ్రైవరు సూర్యాపేట దగ్గర ఒక్కసారిగా బ్రేకు వేస్తే నా ఒళ్లోంచి ఎగిరి ముందు సీటుకు కొట్టుకుంది. మూతి పగిలింది. చిన్నప్పుడు ట్రాక్టరు కింద వెనక కాలు పోగొట్టుకున్న జీవి, ఆసరా లేకపోతే ఎలా నిలబడుతుంది? అప్పటినుంచి కారు తలుపు చప్పుడు వింటే చాలు, మంచం కిందకి దూరేది.

నేను పాత కారు కొన్నానని చెబితే నువ్వు నవ్వావు. మా ఇంటావిడ నర్సమ్మగారూ నవ్వింది. ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. "కుక్క కోసం గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? జర మంచిగ చూసుకునేటోళ్లకు ఇచ్చెయ్" అంది. ఇవ్వనన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో పశువుల డాక్టరమ్మను అడిగాను. ఒళ్లో పెట్టుకుంటే కుక్క ఆగదని, ముందు సీటు అసలే వద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. ఛాతీ చుట్టూ కట్టే వెడల్పాటి పట్టీ ఉంటుంది, దాన్ని వెనక సీటు బెల్టుకు తగిలించాలి. మెడ బెల్టుకు తగిలిస్తే కుదుపులో గొంతు బిగుసుకుంటుందట. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకూడదు, దారిలో నీళ్లు మాత్రం తాగిస్తుండాలి. ఎంత ముద్దొచ్చినా కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకూడదు. "ఇంత వేడి ఊళ్లో మూసిన కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దమ్మా, మందుల షాపుకని దిగినా సరే" అన్నారు.

మల్లి జారిపోకుండా వెనక సీటు మీద పాత బొంత పరిచి, రెండు వైపులా దుప్పట్లు చుట్టి గట్టు కట్టాను. తర్వాత అసలు పని మొదలైంది. కారు కదపకుండా తలుపులన్నీ తెరిచి, దాని అన్నం గిన్నె కారు పక్కన పెట్టాను. మొదట్లో గిన్నెకేసి చూసి వెనక్కి పోయేది. నేను కిందే కూర్చుని, పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఊరుకునేదాన్ని. వీధిలో హాస్టల్ అమ్మాయిలు చూసి నవ్వుకునేవారు. ఆకలేసి తినడం మొదలుపెట్టింది. గిన్నె సీటు మీదకి జరిగింది, మల్లీ సీటు మీదకి వచ్చింది. కొన్నాళ్లకు ఇంజను వేస్తే ఓర్చుకుంది. తర్వాత వీధి చివరిదాకా, కొత్తపేట దాకా, ఎల్‌బీ నగర్ దాకా.

తుర్కయంజాల్ వెళ్లిన రోజు నర్సమ్మగారు తనూ వస్తానంది. అక్కడ ఆవిడ చెల్లెలి ఇల్లు ఉంది. ముందు సీటులో కూర్చుని బెల్టు పెట్టుకోనని పేచీ పెట్టింది.

"మల్లి పెట్టుకుంది పిన్నిగారూ, మీరూ పెట్టుకోండి" అన్నాను.

"కుక్కను చూసి నేను నేర్చుకోవాల్నా?" అంది గానీ పెట్టుకుంది.

వెళ్లేటప్పుడు ఏమీ కాలేదు. తిరిగి వస్తుంటే సాగర్ రోడ్డు మీద ఒక స్కూటరు ఎదురుదారిలో దూసుకొచ్చింది. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. కారు ఆగింది, స్కూటరతను అడ్డంగా తప్పించుకుని వెళ్లిపోయాడు. మల్లి ముందుకు తూలింది, పట్టీ ఆపింది. దెబ్బ తగల్లేదు. కానీ కీచుమని ఏడుస్తోంది. ఆ ఏడుపు విని రోడ్డు పక్కనున్న ఒకతను సాయం చేద్దామని పరుగున వచ్చి వెనక తలుపు తీసేశాడు.

మల్లి బయటకు దూకింది, అక్కా. పక్కనుంచి లారీలు పోతున్నాయి. నేను నా బెల్టు విప్పుకోబోయాను. పట్టీ దాన్ని సగంలో ఆపింది. ముందుకాళ్లు తలుపు బయట, ఒళ్లు సీటు మీద.

నర్సమ్మగారు వెనక్కి వంగి దాని నడుం పట్టుకుని లోపలికి లాగింది. "తమ్మీ, తలుపు ఎయ్యి. నువ్వు మంచికే తీసినవ్, గని అది భయపడ్డది, ఎయ్యి" అంది. అతను పాపం గాభరాపడి వేశాడు. కారు పక్కకు తీసి ఆపాను. వెనక్కి వెళ్లి కూర్చుని, ముందు గొలుసు నా మణికట్టుకు చుట్టుకుని, ఆ తర్వాతే దాన్ని దగ్గరకు తీసుకున్నాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. నర్సమ్మగారు చీర కొంగుతో ఒకసారి నా మొహం, ఒకసారి దాని మొహం తుడిచింది.

మర్నాడు మల్లి మంచం కిందనుంచి రాలేదు. పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయని అనిపించింది. మానేద్దామని మాత్రం అనిపించలేదు. అన్నం గిన్నె తీసుకెళ్లి మళ్లీ కారు పక్కన పెట్టాను. మళ్లీ కిందే కూర్చున్నాను. సాయంత్రాలు నర్సమ్మగారు వెనక సీటులో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. "రావే మల్లి, నేనే కూసున్న, నీకేం భయం?" అని పిలిచేది. ఇచ్చెయ్యమన్న మనిషే కదా. నిన్న పొద్దున నేను తలుపు తీసి పట్టుకున్నాను. గిన్నె లేదు, పిలుపు లేదు. మల్లి కాసేపు వాసన చూసి, ముందుకాళ్లు ఆనించి, ఉన్న ఒక్క వెనక కాలితో తన్నుకుని పైకి ఎక్కింది.

అందుకని వస్తున్నాం. డ్రైవరును పంపవద్దని బావగారికి చెప్పు, నేనే నడుపుతాను. గృహప్రవేశానికి ముందు రోజు తెల్లవారగానే బయల్దేరతాను. దాని మెడలో నా ఫోను నంబరు, నీ నంబరు రాసిన బిళ్ల వేశాను. దానికి వేయించిన టీకా సూదుల కాగితాలు దగ్గరే ఉంటాయి. నువ్వు చేయవలసినవి కొన్నే. పెరట్లో నీడపట్టున చోటు ఉంచు. మేళగాళ్లు అటువైపు కూర్చోకుండా చూడు. పిల్లలకు మరీ మరీ చెప్పు: కారు ఆగగానే పరుగెత్తుకొచ్చి తలుపు తీయవద్దు, నేను గొలుసు పట్టుకుని సైగ చేశాకే తీయాలి. పచ్చడి పంపవద్దు, వచ్చి నేనే తెచ్చుకుంటాను.

మీ అత్తగారికి, బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఇంత దూరం ఒంటరిగా నడపడం ఇదే మొదలు, మీ పెద్దవాళ్ల దీవెన కావాలి. దారిలో మల్లి వణికితే ఆగుతాను, ఎన్నిసార్లు వణికితే అన్నిసార్లు ఆగుతాను. ముహూర్తానికి అందకపోతే పాలు పొంగించేయండి, నాకోసం చూడొద్దు. తిట్లు తర్వాత తింటాను. మల్లి కుదురుకున్నాకే బండి కదుపుతాను.

నీ చెల్లెలు,
పద్మ