రెండో చెలికత్తె

ప్రియమైన అక్కకి,

నీకు ఫోన్ చేస్తే మూడు మాటల్లో రెండిటికి నువ్వు "ఆఁ, ఏంటీ" అనడంతోనే సరిపోతుంది. ముప్పై అయిదేళ్లు ఆసుపత్రి లాండ్రీలో ఆ మిషన్ల హోరు విని నీ చెవులు ఎప్పుడో చేతులెత్తేశాయి. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

కట్టుడు పళ్లు తయారుచేసేవాళ్ల సదస్సు ముగిసింది. రెండు రోజులు పింగాణీ పళ్ల మీద ఉపన్యాసాలు చెప్పి మమ్మల్ని నిద్రపుచ్చారు. మూడో రోజు బస్సెక్కించి గుడి చూపించారు. నువ్వు ఏటా నడుం వైద్యానికి పది రోజులు వెళ్తావే, ఆ ఊళ్లోనే. ఇన్నేళ్లలో ఆ గుడి గురించి ఒక్క ముక్క చెప్పలేదేం?

గుమ్మం దగ్గరే టిక్కెట్టు. చెప్పులకొక బిళ్ల. నిక్కర్లతో వచ్చిన మగవాళ్లకి నడుముకి చుట్టుకోమని గుడ్డలిచ్చారు. మా లాబ్ యజమాని ఆ ముడి ఎక్కడ ఊడిపోతుందోనని ఒక చేత్తో పట్టుకునే గుడంతా తిరిగాడు. ఇక గోపురం సంగతి ఏం చెప్పను. జానెడు ఖాళీ లేదు. ఏనుగు మీద సింహం, సింహం మీద చిలక, చిలక పక్కన ఒక దేవత, దేవత వెనక పదిమంది. మధ్యమధ్య అద్దం ముక్కలు పొదిగారు. ఎండ పడితే గోపురం మొత్తం కదిలినట్టుంటుంది. లోపల పైకప్పంతా తామరలు. మెడ నొప్పెట్టినా తల దించబుద్ధి కాలేదు. అందరూ దణ్ణం పెడుతుంటే నేను మాత్రం ప్లాస్టరు పనితనం చూస్తున్నాను. గోళ్లు కూడా తీర్చి పెట్టారక్కా.

వృత్తి జబ్బు కదా, దేవుళ్ల దగ్గరా పళ్లే వెతికాను. దేవుళ్లు పెదవి విప్పరు. పళ్లు కనిపించేది రాక్షసులకే. అలాంటిది రెండో అంతస్తులో అమ్మవారి కుడిపక్కన ఒక బొమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. పక్కనున్న ఆవిడ బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చూశాను. అది నువ్వే. ఆ గడ్డం మీద సొట్ట, తల పక్కకి వాల్చి నవ్వడం, అచ్చు నువ్వే. నాకు నవ్వాగలేదు, గైడు తిరిగి చూశాడు. రెండేళ్ల కిందట పాత ముఖాలు పెచ్చులూడితే ఒక ముసలాయన కొత్తవి చేసి పెట్టాడట. ఆ రోజు ఆయన రాలేదు. నువ్వు నడుం పట్టుకుని ఆ వీధిలో నడుస్తుంటే చూసి ఉంటాడు. వైద్యానికని వెళ్లి దేవలోకంలో ఉద్యోగం సంపాదించావు.

నాన్న బతికుంటే ఆ పని చూసి గంటసేపు చెప్పేవాడేమో. నాకు ఆరేళ్లప్పుడు ఇల్లొదిలి వెళ్లిన మనిషి. చేతులకి అంటుకున్న తెల్లపొడి తప్ప నాకేం గుర్తులేదు. ఆ గోపురం కింద నిలబడితే ఎందుకో ఆ పొడే గుర్తొచ్చింది.

నడుముకి నేను కొనిచ్చిన దిండు వాడుతున్నావా, అటకెక్కించావా?

ప్రేమతో,
నీ పిచ్చుక

---

మా పిచ్చుకకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ రెండు పెద్ద మిషన్లు ఒకేసారి మొరాయించాయి. మూడు వార్డుల దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. నా కింద పనిచేసే పిల్లలు ఊపిరి తీసుకోవడానికి కూడా నా అనుమతి అడుగుతున్నారు. అందుకే జవాబు ఆలస్యమైంది.

మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు. ఒకరు గోపురం మీద ఉంటే వింతేముంది? అంత ఎత్తున ఉన్న బొమ్మని పట్టుకుని అక్కా అంటే ఎలా? వింజామర పట్టుకునే చెలికత్తె ఎక్కడైనా అలాగే ఉంటుంది. నీకు అందరి నోళ్లూ చూసే అలవాటు, అందుకే అలా అనిపించింది. నేను వైద్యానికి వెళ్తే మంచం దిగను, గుళ్లూ గోపురాలూ తిరిగే ఓపికెక్కడిది?

మళ్లీ అంతదూరం వెళ్లకు. బాబు పరీక్షలు దగ్గరపడ్డాయన్నావు, వాడి సంగతి చూసుకో. దిండు బాగానే ఉంది.

ఇట్లు,
మీ అక్క

---

అక్కకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

బొమ్మ అని రాశాను, నవ్వుతోందని రాశాను. చేతిలో వింజామర ఉందని నేను రాయలేదు. చెలికత్తె అనీ రాయలేదు. నువ్వు రాశావు.

తర్వాత ఫోన్‌లో తీసిన ఫోటో లాబ్‌లో పెద్ద తెర మీద వేసి చూశాను. ముందుపన్ను మూల విరిగి ఉంది, ఎడమవైపు. మూడేళ్ల కిందట నువ్వు స్నానాలగదిలో జారిపడి విరగ్గొట్టుకున్న పన్ను. తొడుగు చేసిస్తానంటే "ఈ వయసులో నా నోరెవరు చూస్తారు" అన్నావు. ఎవరో చూశారు. వీధిలో పోయేవాళ్లకి ఆ విరుపు కనపడదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, నవ్వించి, చూసి చేసిన ముఖం అది. రోజుకి ఇరవై పళ్లు చేసేదాన్ని, నాకు చెప్పకు.

ప్లాస్టరు పని తెలిసిన ముసలాయన. ఏటా నువ్వు పది రోజులు ఉండే ఊరు. తొమ్మిదేళ్ల కిందట నువ్వే వాకబు చేయించి "నాన్న పోయాడట" అని మాకు చెప్పావు. నా కొడుకు స్కూలు ఫారంలో తాతగారి పేరు ముందు కీ.శే. అని నా చేత్తో రాశాను.

ఒక్కటే అడుగుతున్నాను. నాన్న బతికే ఉన్నాడా?

పిచ్చుక

---

పిచ్చుకా,

బతికే ఉన్నాడు.

తొమ్మిదేళ్ల కిందట ఆసుపత్రి చిరునామాకి ఆయన ఉత్తరం వచ్చింది. వెళ్లాను. ఇల్లొదిలి వెళ్లాక ఇంకో సంసారం పెట్టాడు. ఆవిడ పోయింది, పిల్లల్లేరు. గుడి వెనక షెడ్డులో పని, ఆ పక్కనే ఒక గది. చూపు మందగించింది. పైకి ఎక్కలేడు, ముఖాలు కింద కూర్చుని చేస్తే కుర్రాళ్లు తీసుకెళ్లి అతికిస్తారు.

నీకెందుకు చెప్పలేదంటావు. అప్పుడు నీ ఒళ్లో చంటిబిడ్డ. ఇంట్లో అమ్మ జబ్బుతో ఉంది. ఆయన బతికున్నాడని తెలిస్తే అమ్మ మళ్లీ గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. పోయాడంటే ఏడ్చి ఊరుకుంది. నా లెక్కలో అదే మేలనిపించింది. అమ్మ పోయాకైనా చెబుదామంటే ఆయనే వద్దన్నాడు. "చిన్నదాని ముఖం చూసే ధైర్యం నాకు లేదు, నేను పోయాననే అనుకోనీ" అన్నాడు. ఆయన మాట నిలబెట్టాను, అంతే.

నీ కోపం నాకు తెలుసు. తిట్టు, పడతాను. కానీ అక్కడికి వెళ్లకు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తట్టుకోలేడు. నిన్ను చేతుల మీద పెంచినదాన్ని అడుగుతున్నాను.

ప్రేమతో,
అక్క

---

అక్కకి,

వెళ్లాను. నువ్వు వద్దన్నావు కాబట్టే వెళ్లాను.

టిక్కెట్టు కొని, చెప్పులిచ్చి, మిగతా యాత్రికులతోపాటే లోపలికి నడిచాను. గైడుని అడిగితే షెడ్డు చూపించాడు. నాన్న చిన్న స్టూలు మీద కూర్చుని ఒక చెవికి నునుపు పెడుతున్నాడు. కంటితో కాదు, బొటనవేలితో. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను. గుడి చూడ్డానికి వచ్చాననీ, నాదీ ప్లాస్టరు పనేననీ చెప్పాను.

"ప్లాస్టరుతో ఏం చేస్తావమ్మా?"

"కట్టుడు పళ్లు చేస్తానండీ."

నవ్వాడు. "అయితే నాకంటే నువ్వే నయం. నేను చేసిన నోళ్లు తినవు, మాట్లాడవు."

అంత బాగా మాట్లాడతాడని నాకు తెలియదక్కా. నీకు తెలుసు. తొమ్మిదేళ్లుగా విన్నావు.

రెండో అంతస్తులో ఆ నవ్వే బొమ్మ ఎవరని అడిగాను. "నా పెద్దకూతురు. ఏటా వచ్చి చూసిపోతుంది. దానివల్లే ఇంకా బతికున్నాను" అన్నాడు. ఊరుకోలేక "ఒక్కతేనా అండీ మీకు?" అన్నాను.

చెయ్యి కడుక్కుని, నా భుజం ఆసరా చేసుకుని బయటికొచ్చాడు. అమ్మవారి ఎడమపక్క చూడమన్నాడు. అక్కడ ఇంకో చెలికత్తె ఉంది. మొదటిసారి నీ నవ్వు చూసిన సంబరంలో నేను అటువైపు చూడనే లేదు. గుండ్రటి ముఖం, చప్పిడి ముక్కు.

"అది నా చిన్నది" అన్నాడు. "ఫోటో చూసి చేశాను. పెద్దదే తెచ్చిచ్చింది. నన్ను చూడనందిట. నాకు నాన్నే లేడు అందిట. ఏటా కబురు పంపుతాను, ఏటా అదే జవాబు. అందులో తప్పులేదమ్మా, నేను చేసింది అలాంటిది. మనిషి రాకపోయినా బొమ్మన్నా కళ్లముందుంటుందని పెట్టుకున్నాను."

అక్కా, ఆ ముఖం నాది కాదు. మీ లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయిది. మీ సిబ్బంది గ్రూపు ఫోటోలో నీ పక్కనే నిలబడుతుంది. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఫోటో చూస్తూనే ఉన్నాను.

నేనే ఆ చిన్నదాన్నని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఆయనకి మిగిలింది నువ్వొక్కదానివే. నేను నోరు విప్పితే ఆ ఒక్కదాన్నీ తీసేసుకున్నట్టే. పాపం ముసలాయన, ఒక పరాయి పిల్ల ముఖానికి రెండేళ్లుగా క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

ఆయన నన్ను వద్దన్నాడని రాశావు. నేను ఆయన్ని వద్దన్నానని అక్కడ చెప్పావు. రెండువైపులా నువ్వే మాట్లాడావు. అమ్మ నీ మాట నమ్మే పోయింది.

నెల గడువిస్తున్నాను. నువ్వే చెప్పు. లేదంటే నేను చెబుతాను.

నీ చెల్లెలు

---

పిచ్చుకా,

ఈ ఉత్తరం నాన్న గదిలోంచి రాస్తున్నాను. నిన్న సాయంత్రం చెప్పేశాను.

నీకు రాసిన కారణాల్లో ఒక్కటీ నిజం కాదు. నిజం ఇది. తొమ్మిదేళ్ల కిందట మొదటిసారి ఆ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వెళ్లిపోయేనాటికి నాకు పద్నాలుగేళ్లు. బడి మానేశాను. ఆసుపత్రి దుప్పట్లుతికి నిన్ను చదివించాను. నా చేతులు చూశావుగా, సోడాకి వేలిముద్రలు కూడా అరిగిపోయాయి. ఇరవై ఆరేళ్ల తర్వాత నాన్న నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి అడిగిన మొదటి మాట, "చిన్నది ఎలా ఉంది?"

నేనెలా ఉన్నానని తర్వాత అడిగాడు. కానీ తర్వాత.

ఆ క్షణాన నాలో ఏదో రాయయిపోయింది. "బాగుంది, నిన్ను తలుచుకోదు" అన్నాను. ఆ ఒక్కరోజుకే అనుకున్నాను. తర్వాత ఏడాది మళ్లీ అడిగాడు. మొదటి అబద్ధానికి కాపలాగా రెండోది. పది రోజులు నాకొక్కదానికే నాన్న ఉండేవాడు పిచ్చుకా. అన్నం కలిపి పెట్టేవాడు. ఆ పది రోజులు పంచుకోలేకపోయాను. అన్నీ నీకు పంచిపెట్టాను, అదొక్కటి నా చేత కాలేదు. నీ ఫోటో ఇస్తే రోజంతా దాన్నే చూస్తూ కూర్చుంటాడని ఆ పిల్లది ఇచ్చాను. ఇది రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

చెబితే కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "మొన్న పళ్లు చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. అదేనా?" అన్నాడు. అవునన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున లేచి, "దాన్ని రమ్మను" అన్నాడు.

ఆదివారం రా. నేను ఎదురుపడను.

అక్క

---

అక్కకి,

ఆదివారం నేను వచ్చి వెళ్లాక నువ్వు నాన్నతో ఏం మాట్లాడావో నాకు తెలియదు. నువ్వు బయటున్నప్పుడు లోపల ఏం జరిగిందో నీకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్న నా ముఖాన్ని చేతులతో తడిమి చూశాడు. దవడ అమ్మదన్నాడు. ఏడ్చాడు, నేను ఏడవలేదు. నాకింకా ఆయన కొత్తే. వెళ్లిపోయినందుకు ఆయన మీద ఉండాల్సిన కోపం కూడా నీ మీది కోపం వెనక వరసలో నిలబడి ఉంది.

నీ ఉత్తరం చదివి అర్థం చేసుకున్నాను. నలభై ఏళ్ల నీలో ఆ పద్నాలుగేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడి ఆ మాట వినడం నాకు కనపడింది. అర్థమైతే కోపం తగ్గుతుందంటారు. తగ్గలేదు. పరాయివాళ్లు మోసం చేస్తే మనవాళ్ల దగ్గరికి పోయి చెప్పుకుంటాం. నాకు ఏ కష్టమొచ్చినా చెప్పుకునేది నీకే. ఇది ఎవరితో చెప్పుకోను?

ఇంకోటి. నువ్వు వరండాలో తలుపు పక్కనే ఉన్నావని నాకు తెలుసు. నీ చీర అంచు కనపడింది. నేను వచ్చి కూర్చోగానే, నా పేరు కూడా ఎత్తకముందే నాన్న అడిగిన మొదటి మాట, "పెద్దది ఏది?" కాసేపటికి మళ్లీ అడిగాడు, "పెద్దదాన్ని కూడా పిలువమ్మా, ఇద్దరినీ ఒకచోట చూసుకుంటాను." నీకు వినపడలేదని తెలుసు. లేచి రెండడుగులేస్తే నీ చెయ్యి అందేది. లేవలేదు. "బజారుకెళ్లింది, రావడానికి ఆలస్యమవుతుంది" అని చెప్పాను.

అంత తేలిగ్గా నా నోట అబద్ధం వస్తుందనుకోలేదు. దారంతా అదే తలుచుకుంటూ వచ్చాను. నాన్న అడిగాడని నీకు ఎప్పటికీ చెప్పకూడదని బస్సులో నిశ్చయించుకున్నాను. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఇంక నావల్ల కాలేదు.

నిన్నే అడిగాడు. ముందు నిన్నే అడిగాడు.

నీ చెల్లెలు