కుప్ప తీయని ఆదివారం

ఫిబ్రవరి 16, 2025. ఆదివారం

వారమంతా ల్యాబ్‌లో రక్తం తీయడం, ఆదివారం అడవిలో లంటానా ముళ్లకంప పీకడం. నాకిది ఏడో ఆదివారం. నంగునూరు దారిలోని ఈ అటవీ బ్లాక్‌లో వాగు పొడవునా లంటానాయే. అది కమ్ముకున్న చోట గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే దుప్పులు రావు. ఇదంతా మా తమ్ముడు ఉబేద్ చెప్పే మాట. వాడు డిగ్రీ కాలేజీలో బాటనీ లెక్చరర్. ఈ పని చేయడానికి పర్మిషన్ కోసం ఫారెస్ట్ ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగాడు. వాట్సాప్ గ్రూప్‌లో నలభై మందిమి ఉన్నాం. ఈరోజు వచ్చింది ఐదుగురం.

కంచె పక్కనే కొండవ్వ ఇల్లు. ఒక్కతే ఉంటుంది. ఒక్కతే అనకూడదు, పెయ్య ఉంది. కొండవ్వ ఎటు పోతే అది అటు వస్తుంది. వచ్చే ఏడాది ఈనుతుంది, ఇక తన బతుకు దాని పాల మీదే అంటుంది.

పీకిన కంప బయట వదలొద్దు, పశువులకు విషం. ఉబేద్ ప్రతివారం చెప్తాడు. వాడు పెళ్లికి పోవాలని ముందే వెళ్లిపోతూ, ట్రాక్టర్ వచ్చి కుప్ప ఎక్కించేదాకా ఉండు ఆపా అన్నాడు. నాలుగున్నర దాకా కూర్చున్నాను. ఫోన్ చేస్తే ఇంకో గంట అన్నాడు డ్రైవర్. చేతుల నిండా ముళ్లు. రేపు తీసుకుపోతాడులే అనుకుని వచ్చేశాను.

ఉబేద్ అడిగితే ఎక్కించానన్నాను.

ఫిబ్రవరి 17

నడుము లేవట్లేదు. ముప్పై రెండు శాంపిల్స్. ట్రాక్టర్ అతనికి ఫోన్ చేయడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 19. బుధవారం

డ్యూటీలో ఉండగా కొండవ్వ ఫోన్ చేసింది. నిన్నటి నుంచి పెయ్య మేత ముట్టడం లేదట. దవాఖాన పని చేస్తవు గదా బిడ్డా, పశువుల డాక్టర్ నంబర్ చూడు అంది. నేను మనుషుల రక్తం పరీక్షించేదాన్నని చెప్పినా వినదు. నంబర్ వెతికి ఇచ్చి, సాయంత్రం స్కూటీ మీద పోయాను.

పెయ్య కొట్టం మూలకు జరిగి, గోడకు ముఖం పెట్టి నిలబడింది. ఎండలోకి గుంజితే రాలేదట. కనురెప్ప కిందికి లాగి చూశాను. పసుపు. ల్యాబ్‌లో రోజూ ఎవరో ఒకరి కళ్లలో చూసే కామెర్ల పసుపే. ఎవరి దిష్టో తగిలిందంటోంది కొండవ్వ.

తిరిగొస్తూ వాగు దగ్గర ఆగాను. కుప్ప అక్కడే ఉంది. ఒక పక్క ఆకంతా మేసేసి ఉంది. మన్ను మీద చిన్న గిట్టల గుర్తులు.

ఇంటికొచ్చి ఉబేద్‌కు చెప్పాను. ఎక్కించానన్నావు గదా ఆపా అన్నాడు.  తర్వాత, ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దన్నాడు. పర్మిషన్ పోతుంది, రేపు డాక్టర్ వస్తుంది గదా, వేరే జబ్బేమో అన్నాడు.

సరే అన్నాను. నాక్కూడా అదే కావాలి కాబట్టి.

ఫిబ్రవరి 20

డాక్టరమ్మ వచ్చి ఏం తిన్నదని అడిగిందట. గడ్డి, తౌడు, ఎప్పటిదే అని చెప్పిందట కొండవ్వ. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చని సూది వేసి పోయింది. కొండవ్వ ఇదంతా ఫోన్‌లో చెప్పి, నంబర్ ఇచ్చినందుకు నీకు దండం బిడ్డా అంది.

నేను ఊఁ కొట్టాను.

ఫిబ్రవరి 21. శుక్రవారం

పొద్దున మళ్లీ ఫోన్. పెయ్య పడుకుంటే లేవట్లేదు. హాఫ్ డే లీవ్ పెట్టి పోయాను. ఉబేద్‌కు చెప్పలేదు.

“అవ్వా, పెయ్య మేం పీకిన కంప తిన్నది. నేనే కుప్ప తియ్యకుండ పోయిన.”

మొదట అర్థం కాలేదు ఆమెకు. కుప్ప దాకా తీసుకుపోయి చూపించాను. ఆకు లేని పుల్లలను చేత్తో పట్టుకుని చూసింది.

“నీకెప్పుడెర్క?”

“మొన్న సాయంత్రం.”

“అంటె డాక్టరమ్మ రాకముందే.”

“ఆ.”

“నిన్న నేను ఫోన్ల గంత చెప్తుంటె ఇన్నవు గద.”

తిడుతుందనుకున్నాను. కొంగు దులుపుకుని కొట్టంలోకి పోయింది.

డాక్టరమ్మకు నేనే ఫోన్ చేశాను. ఒక రోజంతా పోగొట్టారని కేకలేసింది. సిద్దిపేటకు వచ్చి, విషం పీల్చడానికి ఆమె చెప్పిన బొగ్గు పొడి కొన్నాను. సెలైన్ పెట్టడానికి ఆమె వచ్చింది. కొండవ్వ దవడ పట్టుకుంటే నేను సీసాతో నల్లటి నీళ్లు తాగించాను. సగం నా మీదే పడ్డాయి. ఈ విషం ఎక్కితే ఎండకు తోలు కాలిపోతుందట, పెయ్యకు మూడు వారాలు ఎండ తగలొద్దట. బతుకుతుందని మాత్రం డాక్టరమ్మ అనలేదు.

ఫిబ్రవరి 23. ఆదివారం

కొండవ్వకు చెప్పేశానని తెలిసి, నిన్న ఉబేదే ఫారెస్ట్ ఆఫీసుకు పోయి జరిగింది చెప్పాడు. పని ఆపేశారు. మళ్లీ ఎప్పుడో తెలియదు. నాతో మాట్లాడట్లేదు. ఈరోజు పోయేసరికి వాగు దగ్గర ఒక్కడే ఉన్నాడు, కుప్ప ట్రాక్టర్‌లోకి ఎత్తుతున్నాడు. గ్లౌజులు కూడా లేవు. నేనూ ఎత్తాను. 

ఫిబ్రవరి 26

పెయ్య ముట్టె మీద తోలు ఊడుతోంది. చెవుల కొసలు కూడా. మందు పూస్తే తల విదిలిస్తుంది. విదిలించే ఓపిక వచ్చిందన్నమాట.

ఫిబ్రవరి 27

ల్యాబ్, పెయ్య, ఇల్లు.

మార్చి 2. ఆదివారం

రంజాన్ మొదటి రోజా. తెల్లవారకముందే సహరీ తినడానికి లేచాక నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం కొట్టంలోకి ఎండ రాకుండా బస్తా పట్టాలు కడుతుంటే కళ్లు తిరిగి గోడకు ఆనుకున్నాను. కొండవ్వ చూసింది.

“ఉపాసముండి గింత దూరం ఎందుకొచ్చినవ్?”

తొమ్మిది రోజుల్లో ఆమె నాతో తనంతట తాను మాట్లాడడం ఇదే మొదటిసారి.  జవాబు కోసం ఆగలేదు. తాడు రెండో కొస పట్టుకుంది.

మార్చి 6

పచ్చగడ్డి తిన్నది. గుప్పెడు. కొండవ్వ చెప్పలేదు. నేనే చూశాను. ఇంటికొచ్చి ఉబేద్‌కు చెప్తే, ఎంత అని అడిగాడు. గుప్పెడు అన్నాను. వాడు ఇఫ్తార్ ప్లేట్ నా వైపు జరిపాడు.

మార్చి 9

పెయ్య కళ్లలో పసుపు పోయింది. వస్తుంటే కొండవ్వ స్కూటీ దాకా వచ్చింది.

“రేపటి సంది రాకు బిడ్డా. పెయ్య మంచిగైంది. నిన్ను జూస్తె నాకింక పాణం మండుతాంది. మండుడు తగ్గినంక నేనే ఫోన్ చేస్త.”

ముట్టెకు పూసే మందు ఆమె చేతికిచ్చి వచ్చేశాను.