నాలుగు పొగగొట్టాల ఓడ

ఆదివారం, రాత్రి

కొత్తగూడెంలో కొన్న పాత ఓడ బొమ్మకు ఫ్రేము కట్టించి ఈరోజు హాల్లో తగిలించాను. ఊరంత ఓడ, నాలుగు గొట్టాల్లోంచి నల్లటి పొగ. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన నాన్న, అమ్మ పోయాక దేన్నీ పట్టించుకోని మనిషి, దాని ముందు అలాగే నిలబడిపోయాడు.

"గింత పొగ ఊకనే రాదు బిడ్డా. లోపల మాలాంటోళ్లే బొగ్గు ఏస్తున్నరు."

నేను ఇన్నాళ్లూ ఆ బొమ్మలో డెక్కు మీద షికారు చేసేవాళ్ల గొడుగులే చూశాను. ఇప్పుడు ఆ ఇనుప గోడల వెనక మంటలు, చెమట పట్టిన వీపులు కనిపించాయి.

"వాళ్లకు సముద్రం కనిపిస్తదా నాన్నా?"

"యాడ కనిపిస్తది? గనిల మాకు పొద్దు కనిపించిందా?" అని నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. వెంటనే దగ్గు తెర. దవాఖానాకు మాత్రం రానంటున్నాడు.

కుర్చీ లాక్కుని ఇంకా దాని ముందే కూర్చున్నాడు. హాల్లో లైటు ఆర్పకుండానే వచ్చేశాను.