డ్రిల్లు సారు పేరు మీద పార్కు

మామా,

నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే సంవత్సరీకం పెట్టాం. అత్త నీకిష్టమని అలసంద వడలు చేసింది. అమ్మ అన్నను తలుచుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది మామా… నీ మీద కూడా.

నీ పేరు మీద పార్కు కట్టారు. తెలుసా నీకు?

ఎక్కడో కాదు. గిద్దలూరులో నువ్వు డ్రిల్లు సారుగా పనిచేసిన బడి వెనక, రైలు కట్ట దాకా ఉండే ఆ కంపచెట్ల బీడులోనే. నీ పాత విద్యార్థులు, ఇప్పుడు బజారులో దుకాణాలు పెట్టుకుని బాగా స్థిరపడినవాళ్ళు, సారు కోసం ఏదైనా చేయాలనుకున్నారట. జేసీబీ పెట్టి కలివి పొదలు, పరికి కంప, తంగేడు, పుట్టలు… అన్నీ పెకిలించి చదును చేశారు. లాన్ గడ్డి పరిచారు. చుట్టూ పరాయి దేశపు కోనోకార్పస్ మొక్కలు నాటారు. మధ్యలో ఒక సిమెంటు జింక. గేటు మీద బోర్డు, దాని మీద నీ పేరు, కింద ‘ప్రకృతి ప్రేమికుడు’ అని.

సిమెంటు జింక మామా! నల్లమలను పక్కన పెట్టుకుని…

నేనప్పుడు మార్కాపురంలో ఉన్నాను. చూసి సంతోషపడతానని నాకు చివరిదాకా చెప్పలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. కాదే! నీ మాటెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆ బీడులోనే నువ్వు వాళ్ళకూ, తర్వాత ఆ బడిలోనే చదివిన నాకూ, ఒక్కొక్కరికి ఒక్కో పొద ఇచ్చావు. ఏడాదంతా వారానికోసారి ఎవరి పొద దగ్గర వాళ్ళు కూర్చోవాలి, మాట్లాడకూడదు. “మీరు కదలొద్దురా. మీరు కదలకుంటే అవే కదుల్తాయి,” అనేవాడివి. నా పరికి పొద కింద కౌజు పిట్ట పిల్లల్ని వెంటేసుకుని నడిచింది. నా జీవితం ఎటు పోవాలో ఆ రోజే తేలిపోయింది.

మరి వాళ్ళకెందుకు తెలియలేదు?

నువ్వు చెప్పలేదు గనక. ఏం చేస్తున్నారు సార్ అని హెడ్మాస్టరు అడిగినా, పిల్లల తల్లులు అడిగినా నీది ఒకటే మాట. “ఏముంది, ఊరికే అట్ల తిప్పుకొచ్చినా.” ఊరికేనా మామా? అంత పాఠం చెప్పి ఊరికే అంటావా? నువ్వే ఊరికే అంటే, ఆ కంపకు విలువ ఉందని ఊరికెట్లా తెలుస్తుంది?

ఆ మాట దెబ్బ నేను తిన్నాను. బాటనీ చదివి, పిల్లలకు బయటే పాఠం చెప్పడమే నా ఉద్యోగం అంటే ఎవరికీ అర్థం కాలేదు. నాయన డీఎస్సీ కోచింగ్‌కు పొమ్మన్నాడు. ఒక బడివాళ్ళు పిక్నిక్‌కు తోడు రమ్మన్నారు. ఎన్ని గేట్ల దగ్గర నిలబడ్డానో… చివరికి మార్కాపురంలో ఒక ప్రైవేటు బడి అచ్చంగా ఆ పనికే నన్ను తీసుకుంది. ఆ బడి కరస్పాండెంటు నీ శిష్యుడే. ఈ పార్కు కమిటీకి పెద్ద కూడా ఆయనే.

ప్రారంభోత్సవం రోజు నాకు మైకు ఇచ్చాడు. ఇకనుంచి నేను మా బడి పిల్లల్ని బస్సులో ఇక్కడికే తెచ్చి క్లాసు చెప్పాలని అందరి ముందూ ప్రకటించాడు.

నేనన్నాను మామా. “మా మామ పాఠం చెప్పిన చోటు ఇది కాదు. దాన్ని మీరు తీసేసినారు. ఆయన పేరు కూడా తీసేయండి.”

అత్త తల దించుకుంది. కరస్పాండెంటు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. “పిల్లలకు ముళ్ళు గుచ్చుకోకుండా బాగు చేసినాం గదమ్మా. తప్పేముంది దాంట్లో?”

నిజంగానే అడిగాడు. అదీ నా బాధ.

సోమవారం బడికి పోతే ఇక రావద్దన్నారు. నోటికాడి కూడు పోగొట్టుకున్నానని నాయన నాతో మాట్లాడటం లేదు. బోర్డు మీద నీ పేరుకు నీలం రంగు పూసేశారు. అది చూసొచ్చి అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. నేను అడిగిందే కదా… అయినా ఆ గేటు ముందు నిలబడితే నాకూ కదలబుద్ధి కాలేదు. తప్పు చేశానా? నువ్వుంటే మాత్రం చెప్పేవాడివా…

పెద్దారవీడు వైపు ఒక చిన్న బడివాళ్ళు ఇప్పుడు నన్ను పిలిచారు. జీతం తక్కువే. జీతం లేకుండా మాత్రం రానని ముందే చెప్పాను. బడి వెనక కొండ దాకా కంపే. మొదటి రోజే హెడ్మాస్టరునూ, సర్పంచునూ, పిల్లల తల్లిదండ్రులనూ ఆ కంపలోకి నడిపించాను. ఇది తరగతి గది, ఒక్కో పొదా ఒక్కో బిడ్డది, దీన్ని శుభ్రం చేయొద్దు, యంత్రం తేవొద్దు అని ఒకటికి పదిసార్లు చెప్పాను. సర్పంచు చీర ముళ్ళకు చిక్కి చిరిగింది. అయినా సరేనంది.

ఇట్లా ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని ఆమె అడిగింది. నీ పేరు మాత్రం చెప్పలేదు మామా. ఎప్పటికీ చెప్పను. చెబితే నీ కోసం ఏదో ఒకటి చేయాలనుకుంటారు.

ఇంకా కోపం తీరని నీ మేనకోడలు,
సుభద్ర