ఎడమ వెనక టైరు ఎందుకు అరిగిందంటే

ఏమండీ,

మోటార్‌హోమ్ బండి తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్తున్నాను, తాళాల కోసం వెతక్కండి. గ్యాస్ కట్టేశాను. నాలుగింటికి ప్లంబర్ వస్తాడు, నిద్రపోకుండా తలుపు తియ్యండి.

ఎడమ వెనక టైరు సంగతి తేలింది. ఉన్నమాటంటే మీకు ఉలుకెక్కువ, కూర్చుని చదవండి. మెకానిక్ టైరు తడిమి చూసి, "మధ్యలో బాగానే ఉందమ్మా, రెండంచులే తినేసింది. గాలి సరిగ్గానే ఉంది, ఇది బరువు పనే" అన్నాడు. నన్ను కిందికి దింపి ఒక్కో చక్రాన్నీ విడిగా తూకం వేయించాడు. నేను లేకుండానే, ఆ చక్రం మీద కుడిదానికంటే నూట అరవై కిలోలు ఎక్కువ. బండిలో మంచం కింద చూస్తే ఏముంది, పొట్ట తగ్గించుకుంటానని మీరు కొని, ఒక్కసారి కూడా ఎత్తని ఇనప బిళ్ళలు.

రెండేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "మా ఆవిడ కూర్చునే వైపే టైరు అరుగుతోంది" అని చెప్పి నవ్వించారు కదా. మీ అక్కయ్యకి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాను. స్పీకర్ పెట్టి మీ బావగారికీ వినిపించారు. నా మీద నవ్విన దానికంటే ఎక్కువే నవ్వారు.

బిళ్ళలన్నీ దింపించి, ఇంట్లో మంచం మీద మీరు పడుకునే వైపు పేర్పించాను. ఇప్పుడైనా ఎత్తండి.

మర్చిపోయాను. మీ జోకు విని ఎనిమిది నెలలు రాత్రి భోజనం మానేశాను. నేను సగమైపోయాను, టైరు అరుగుతూనే ఉంది. రెండూ మీ కంటపడలేదు. ఈ రాత్రికి ఏమీ వండలేదు. మీరూ మానేసి చూడండి.